తడి నీలంపై అయిదు వేళ్ళు

"బావా, నేరస్థులందరూ చేసే తప్పు ఒకటే. నేను పుట్టానన్న సంగతి మర్చిపోతారు!"

ఇలా ప్రకటించినవాడు నా బావమరిది. మా ఆవిడ పోతూ పోతూ నాకు అప్పగించి వెళ్ళిన డిటెక్టివ్. కాళ్ళకున్న చెప్పుల కోసం వీధంతా గాలించిన ఘనుడు.

ఈసారి కేసు మా అక్క గదిలో. ఒంటరిగా ఉంటున్న అక్కను ఈ మధ్యే నా దగ్గరకు తెచ్చుకున్నాను. "ఈ ఇల్లు నాకు సరిపడదురా, వెళ్ళిపోతాను" అని రోజూ ఒకటే గొడవ. గదికి రంగు వేయిస్తేనైనా ఉంటుందేమోనని నా ఆశ. పెయింటరు ఒకే గోడకు సగం చల్లటి ముదురు నీలం, సగం వెచ్చటి లేత గంధం రంగు పూసి చూపించాడు. ఏది కావాలంటే అక్క "ఏదైనా ఒకటేలే" అనేసింది.

పెయింటరు టీ తాగొచ్చేసరికి తడి నీలం మీద అయిదు వేళ్ళ ముద్ర!

"హత్యాయత్నం!" అన్నాడు డిటెక్టివ్.

"ఎవర్ని? గోడనా?"

"వెటకారం వద్దు బావా. పెయింటరూ, కదలకు! చేతులు చూపించు!"

చూపించాడు. వాటి మీద లేని రంగు లేదు.

"ఇంత సాక్ష్యమా? అయితే ఎవరో ఇరికిస్తున్నారు. ఇతను కాదు!"

భూతద్దంలోంచి గోడను చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి, నీలం డబ్బాలో కాలేసి, దబ్బున పడ్డాడు. ఆపాదమస్తకం నీలమై లేచి, గోడలో గంధం రంగు సగానికి ఆనుకున్నాడు.

చప్పుడు విని అక్క వచ్చింది. "అబ్బాయ్, గోడకు బల్లిలా అతుక్కున్నావేం?"

నేను ఉలిక్కిపడ్డాను. ఎదుటివాళ్ళు నోరు విప్పితే తప్ప అక్క ఎవర్నీ పోల్చుకోదు. వీడింకా నోరు విప్పలేదు!

గోడ పాడవుతోందని వాడు నీలం వైపు జరిగాడు.

"ఏడీ? ఇప్పుడేగా ఉన్నాడు?" అక్క చెయ్యి చాచి తడుముకుంది. ఆ అరచెయ్యి అప్పటికే నీలంగా ఉంది.

"అక్కా, నీ కళ్ళు..."

"మసకరా. చెబితే నీకు బరువవుతానని దాచాను. ఈ ఇంట్లో గుమ్మమేదో గోడేదో తెలియడం లేదు. అందుకే పోతానన్నాను."

అక్క చెయ్యి పట్టుకుని పెయింటరుకు చెప్పాను. "గోడలన్నీ గంధం రంగు. తలుపులకు మాత్రం నీలం. రేపు మేం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, నువ్వు కానిచ్చెయ్."

"చూశావా బావా! నేరస్థురాలిని పట్టడానికే డబ్బాలో పడ్డాను!"

అక్క వాడి వైపు తిరిగింది.

"నేనిక్కడే ఉంటాను గానీ అబ్బాయ్, నువ్వు మాత్రం ఆ రంగు కడుక్కోకు. ఎటు నుంచి వస్తున్నావో కనిపిస్తే తప్పుకుంటాను."