గెంతులోడికి ఏడు సీళ్లు

రెండువేల అయిదు జనవరి నెలాఖరున యువజన వినోద వారసత్వ శాఖ మంత్రిగారు హైదరాబాదులో విలేఖరులను పిలిచి, రాజుల కత్తులూ రాగిరేకులూ మాత్రమే మన వారసత్వం కాదని, నిన్న మొన్న మూలన పడేసినవి కూడా వారసత్వమేనని ప్రకటించారు. ప్రతి నియోజకవర్గమూ అలాంటి వస్తువు నొకదాన్ని వెతికి, విలువ కట్టి సిద్ధం చేస్తే తామే స్వయంగా వచ్చి స్వీకరిస్తామన్నారు. ఆ శాఖలో అప్పటికి మంత్రిగారూ, ఒక కారూ మాత్రమే ఉండటం వల్ల నిర్ణయం చాలా వేగంగా జరిగింది.

నర్సీపట్నంలో ఈ వార్త చదివి ఒళ్లు పులకరించిన మనిషి బెన్హర్ ఒక్కడే. బెన్హర్ పార్టీ పట్టణ ప్రచార సంయుక్త కార్యదర్శి. సభ మొదలయ్యే ముందు మైకు దగ్గర నిలబడి "హలో, మైక్ టెస్టింగ్" అనడం ఆ పదవిలోని బాధ్యత. ఆరేళ్లుగా అంటున్నాడు. ఆ తర్వాతి మాట ఏమిటో పార్టీ చెప్పలేదు, అతనూ అడగలేదు. ఇంట్లో ఒక్కడే ఉన్నప్పుడు ఈ సంగతి తలుచుకుని నవ్వుకునేవాడు. సభలో మాత్రం చాలా గంభీరంగా ఉండేవాడు.

పార్టీలో చేరకముందు అతను ఆర్టీసీ కాంప్లెక్స్ వెనక వీడియో గేమ్ షాపు నడిపాడు. తొంభై మూడు నుంచి తొంభై ఎనిమిది దాకా నడిచిన ఆ షాపులో నాలుగు టీవీలు, నాలుగు బెంచీలు. ఎవరొచ్చినా అడిగే ఆట ఒకటే. నెత్తిన లాంతరు పెట్టుకున్న పొట్టివాడొకడు విరిగిన వంతెన మీంచి వంతెన మీదికి గెంతుతూ దారిలో వేలాడే ఇత్తడి గంటలు ఏరుకుంటూ పోతాడు. డబ్బా మీద జపాను భాషలో ఏదో పేరుండేది. నర్సీపట్నం ఆ పేరు జోలికి పోకుండా వాణ్ణి గెంతులోడు అనేసింది. నాతవరం నుంచి షేర్ ఆటోల్లో వచ్చినవాళ్లు కూడా ఏడో వంతెన దాటి వెళ్లిపోయేవారు. ఓనరైన బెన్హర్ షట్టరు దించుకుని ప్రాక్టీసు చేసినా మూడో వంతెన దగ్గరే నీళ్లలో పడేవాడు.

ఆట ఉండే క్యాసెట్ మొరాయిస్తే బయటికి లాగి, అడుగున రాగి పళ్లలోకి గట్టిగా ఊది మళ్లీ పెట్టడం అప్పటి వైద్యం. అలా ఊది ఊది మూడు గెంతులోడు క్యాసెట్లు తుప్పుపట్టి పోయాయి. స్పేరుగా కొన్న నాలుగోదానికి కంపెనీ చుట్టిన పలచటి ప్లాస్టిక్ కాగితమైనా విప్పకముందే షాపు మూతపడింది. ఆ డబ్బా అతని భార్య రాచెల్ బీరువాలో, చర్చి పాటల పుస్తకాల కింద ఏడేళ్లు పడుకుంది.

ఆ ఫిబ్రవరిలోనే బెన్హర్ నెట్ సెంటర్‌లో కూర్చుని, ఇలా విప్పని పాత ఆటల్ని లోకంలో కొందరు వెతికి మరీ కొంటున్నారని తెలుసుకున్నాడు. విశాఖపట్నంలో సత్యప్రకాష్ అనే ఇంజనీరు అలాంటివి సేకరిస్తాడని తెలిసి మెయిల్ పెట్టాడు. జవాబు ఆ సాయంత్రమే వచ్చింది. కంపెనీ చుట్టిన సీల్ చెడకుండా ఉంటే ఎంతిస్తాడో రాసి, రెండో శనివారం తనే వస్తానన్నాడు. సీల్ చెడిపోతే మాత్రం అది వట్టి ఆటేనని కూడా రాశాడు.

ఆ అంకె విని రాచెల్ కుట్టుమిషను ఆపింది. ఇంకోసారి చెప్పమంది. ఆమె పదేళ్లుగా ఇంటి వసారాలో జాకెట్లు కుడుతోంది. వాన కొడితే బట్టలన్నీ మంచం మీదికి చేర్చాలి. మర్నాడు పొద్దున్నే టేపు తీసుకుని కాంప్లెక్స్ దగ్గర ఖాళీగా ఉన్న షట్టరు గది కొలుచుకొచ్చింది. రెండు మిషన్లూ, ఒక కటింగ్ బల్లా సరిగ్గా పడతాయంది. ఆమె అంత హుషారుగా మాట్లాడటం చూసి బెన్హర్ గొప్పగా సంతోషించాడు.

అక్కడితో ఊరుకుని ఉంటే అతను ప్రచార కార్యదర్శి ఎందుకవుతాడు? సత్యప్రకాష్ వచ్చేలోగా ప్రభుత్వం చేత కూడా విలువ కట్టిస్తే, ధర పెరుగుతుందనీ, మంత్రిగారి కంట్లో పడతాననీ అతనికి తోచింది. తన తెలివికి తనే ఆశ్చర్యపోతూ డబ్బా పట్టుకుని పార్టీ కన్వీనర్ లోవరాజుగారి దగ్గరికి వెళ్లాడు. లోవరాజుగారికి జీడితోటలున్నాయి. వీడియో గేమ్ చూడటం ఆయనకదే మొదలు. సీలు ఉంటేనే దీనికి విలువని బెన్హర్ వివరించగా ఆయన డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశారు.

"సీలేదిరా?"

బెన్హర్ ప్లాస్టిక్ కాగితం మీద వేలు పెట్టి చూపించాడు.

"ఇది కవరు. సీలంటే గుండ్రంగా ఉండాల. మజ్జిలో సింహాలుండాల. నేకపోతే ఏటయింది, ఏయించేద్దాం."

బెన్హర్ ఇంగ్లీషులో సీల్ అంటే వేరని చెప్పబోయాడు. అయితే తనకు ఇంగ్లీషు బాగా వచ్చని కన్వీనర్‌గారి ముందు చెప్పుకోవడం బాగుండదనిపించి ఆగాడు. పైగా లోవరాజుగారు అప్పటికే ఫోన్ చేతిలోకి తీసుకుని, నర్సీపట్నం వారసత్వ వస్తువు దొరికిందనీ, సీళ్లు మాత్రం తక్కువయ్యాయనీ ఎవరికో చెబుతున్నారు.

మూడు రోజుల్లో వారసత్వ వస్తు మదింపు కమిటీ ఏర్పడింది. శాఖ తరఫున ప్రత్యేకాధికారిగా కొండన్నగారు వచ్చారు. అంతకుముందు ఆయన జీడిపిక్కల తేమ కొలిచే పనిలో ఉండేవారు, కాబట్టి వస్తువుల విలువ కట్టడంలో అపారమైన అనుభవం ఉంది. ఆయన చేతి సంచిలో ఏడు రబ్బరు స్టాంపులున్నాయి. ఏడు అనే సంఖ్య చర్చిలో తరచు విన్నదే కావడంతో బెన్హర్‌కి శుభంగానే తోచింది.

పార్టీ ఆఫీసులో బల్లమీద తెల్లగుడ్డ పరిచి డబ్బా పెట్టారు. కొండన్నగారు మొదటి సీలు వేశారు. ప్లాస్టిక్ మీద సిరా నిలవక, సింహాలు చెదిరి కారిపోయాయి. రెండోసారి వేసి ఊదారు. ఆరలేదు. లక్క కరిగించి వేద్దామంటే కాగితం ముడుచుకుపోయేలా ఉంది. అప్పుడాయన నిదానంగా కళ్లజోడు సర్దుకుని, కవరు తీసేయక తప్పదన్నారు.

బెన్హర్ డబ్బా మీద చెయ్యి అడ్డం పెట్టాడు. విప్పితే విలువ పోతుందండి అన్నాడు.

"ఇది ఎవరూ విప్పలేదని సెర్టిఫికెట్ కావాలా వద్దా?" అన్నారు కొండన్నగారు.

"కావాలండి."

"విప్పి సూడకపోతే విప్పలేదని ఎలా తెలుస్తాదయ్యా?"

ఈ ప్రశ్నకు జవాబు కోసం బెన్హర్ తర్వాత చాలా రోజులు వెతికాడు. యజమాని కాబట్టి కత్తిరించే గౌరవం బెన్హర్‌కే ఇవ్వాలన్నారు లోవరాజుగారు. ఫోటోగ్రాఫర్ సిద్ధంగా ఉన్నాడు. కత్తెర మాత్రం లేదు. మనిషిని పంపితే రాచెల్, ఏదో రిబ్బను కోసమనుకుని, తన పెద్ద కత్తెర ఇచ్చి పంపింది. బెన్హర్ కెమెరా వైపు చూసి నవ్వుతూ ప్లాస్టిక్ కాగితాన్ని పొడుగునా కత్తిరించాడు. వద్దు అనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట అతని నోట్లోనే ఉంది. ఫోటో బాగా రావాలన్న ఆలోచన దానికి అడ్డం పడింది.

డబ్బా మీద నాలుగు సీళ్లు పడ్డాయి. లోపలి వస్తువు చూడకుండా సంతకం పెట్టకూడదని రూలు కాబట్టి, క్యాసెట్ బయటికి తీసి దానిమీద మూడు వేశారు. తుది సీలు సిరా రాగి పళ్లలోకి దిగింది. బెన్హర్ ఆపుకోలేక పాత అలవాటు కొద్దీ గట్టిగా ఊదాడు. ఆ సిరా కాస్తా లోపలికంటా పోయింది. అప్పుడు కొండన్నగారు ధ్రువపత్రం చదివి వినిపించారు. "సదరు వస్తువును యజమాని సమక్షంలో విప్పి, లోపలా బయటా పరిశీలించి, ఇది తయారైన నాటి నుండి నేటి వరకు ఎన్నడూ విప్పబడలేదని ధ్రువీకరించడమైనది." కింద మొదటి సాక్షిగా బెన్హర్ సంతకం పెట్టాడు. అతని సంతకం అందంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు.

రెండో శనివారం సత్యప్రకాష్ విశాఖపట్నం బస్సు దిగి ఇంటికి వచ్చాడు. రాచెల్ కొత్త కప్పుల్లో టీ ఇచ్చింది. అతను చేతులకు తెల్లటి గుడ్డ తొడుగులు వేసుకుని కూర్చుంటే, బెన్హర్ డబ్బా ముందు పెట్టి, పక్కన ధ్రువపత్రం కూడా పెట్టాడు. సత్యప్రకాష్ డబ్బా చూశాడు. తొడుగులు తీసి జేబులో పెట్టుకున్నాడు. ధ్రువపత్రం రెండుసార్లు చదివాడు. నవ్వలేదు. ఎవరో పోయిన ఇంట్లో కూర్చున్నవాడిలా మెల్లగా మాట్లాడాడు.

"ఎందుకు విప్పారండీ?"

"విప్పలేదని రాయించడానికండి," అన్నాడు బెన్హర్. పైకి అనేదాకా ఆ మాట ఎలా ఉంటుందో అతనికి తెలియలేదు.

సత్యప్రకాష్ టీ మొత్తం తాగి, రాచెల్‌కి నమస్కారం పెట్టి మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయాడు. రాచెల్ కప్పులు కడిగి లోపల పెట్టింది. కాసేపటికి వచ్చి, "నా కత్తెరతోనా?" అని మాత్రం అడిగింది. బెన్హర్ తలూపాడు. ఆమె వెళ్లి కుట్టుమిషను ముందు కూర్చుంది. అతనికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. తిట్టినా బాగుండుననుకున్నాడు.

సాయంత్రం లోవరాజుగారి దగ్గరికి పోయి తన నష్టం చెప్పుకున్నాడు. ఆయన రికార్డు తెప్పించి చూసి, ఆట విప్పబడనే లేదు కాబట్టి నష్టం కలిగే అవకాశం లేదని నచ్చచెప్పారు. అయినా కంగారు పడవద్దన్నారు. రేపు సభలో మంత్రిగారే దాన్ని ప్రభుత్వం తరఫున తీసుకుంటారనీ, కమిటీ కట్టిన విలువ ఒక్క పైసా తగ్గకుండా చెక్కు రూపంలో చెల్లిస్తారనీ మాటిచ్చారు. ఎంత కట్టారని అడిగితే, "అది మీ ఆవిడికి సర్‌ప్రైజు. బేగి ఎల్లి సెప్పు, ముందు వరసలో కూకోమను," అన్నారు.

బెన్హర్ పరుగున ఇంటికొచ్చి చెప్పాడు. రాచెల్ నమ్మలేదు. కానీ ఆదివారం చర్చి అయ్యాక పట్టుచీర మార్చకుండానే సభకు వచ్చి ముందు వరసలో కూర్చుంది. చేతిసంచిలో గది కొలతలు రాసుకున్న కాగితం ఉంది.

బెన్హర్ మైకు పరీక్షించాడు. మంత్రిగారు రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, నాలుగు పార్టీల్లో తమకున్న సుదీర్ఘ అనుభవంతో గెంతడం గురించి అద్భుతంగా మాట్లాడారు. ధ్రువపత్రం చదివి జనానికి వినిపించారు. ఎవరూ నవ్వలేదు. అనంతరం బెన్హర్‌కి శాలువా కప్పి, గెంతులోణ్ణి స్వీకరించి, ఇద్దరు మనుషులు మోసుకొచ్చిన తలుపంత అట్ట చెక్కు మీద గుడ్డ తొలగించారు.

చెక్కు మీద బెన్హర్ పేరు పెద్ద అక్షరాలతో ఉంది. అంకెలు రాసే చోట ఖాళీగా ఉంది. దాని పక్కన, అక్షరాలా: అమూల్యం మాత్రమే.

మొట్టమొదట చప్పట్లు కొట్టింది బెన్హరే. చేతులు వాటంతటవే కొట్టాయి. కొడుతూనే ముందు వరస వైపు చూశాడు. రాచెల్ చెక్కునే చూస్తోంది.

షేర్ ఆటోలో ఆ చెక్కు పట్టలేదు. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని ఇంటిదాకా నడిచారు. వసారాలో దాన్ని నేలమీద పరిచాక రాచెల్ వేలితో తట్టి చూసింది.

"అట్ట గట్టిదే. జాకెట్టు కొలతలకి బాగుంటాది."

సుద్ద తీసి, మంత్రిగారి సంతకం మీదుగా ఒక చేయి, బెన్హర్ పేరు మీదుగా ఒక మెడ గీసింది. గీసినంత మేరా కత్తిరించడం మొదలుపెట్టింది. అట్ట కదిలిపోతుంటే, రెండో కొస గట్టిగా పట్టుకోమంది. బెన్హర్ శాలువా తీసి పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని పట్టుకున్నాడు.