క్యోటోకి మీరూ రాకూడదూ

శనివారం పొద్దున అమెరికాలోని నేపర్‌విల్‌లో తిరుపతయ్య ఇంట్లో కాఫీ గ్లాసుల మధ్య జపాన్ మ్యాపు పరిచి ఉంది. కొడుకు అక్షయ్ ఆగస్టులో కాలేజీకి వెళ్ళిపోయాడు. నవంబర్‌లో గురువారం నాడు వచ్చే అమెరికా పండగ థాంక్స్‌గివింగ్‌కి కూడా రూమ్మేట్ వాళ్ళింటికి పోతానన్నాడు. మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఇల్లు ఒక్కసారిగా రెండు సైజులు పెద్దదైపోయిన చొక్కాలా ఉంది.

ఆ సమయంలోనే తిరుపతయ్యకి ఆఫీసు పని మీద ఒసాకా ప్రయాణం పడింది. థాంక్స్‌గివింగ్ వారంలో సోమ, మంగళ, బుధవారాలు పని, ఆ తర్వాత ఆదివారం దాకా సెలవు. ఒసాకాలో రైలెక్కి కాస్త కునుకు తీస్తే క్యోటో దాటిపోతుందట, అంత దగ్గర. వెయ్యేళ్ళు రాజధానిగా వెలిగిన ఊరు, సందుకో గుడి, గుడికో తోట, నవంబర్‌లో చెట్లన్నీ కుంకుమ పోసినట్టు ఎర్రబడతాయి. సుధ తన టికెట్ తాను కొనుక్కుని బుధవారం సాయంత్రానికి ఒసాకా చేరుకుంటుంది. అక్కణ్ణుంచి ఇద్దరే, క్యోటోలో ఓ పాతకాలపు చెక్క సత్రంలో గది. అదీ ప్లాను.

మామూలుగా చూస్తే ఇదో విహారయాత్ర. సుధకి మాత్రం ఇది విముక్తి. అమెరికా వచ్చినప్పటినుంచీ ఆవిడ చూడని చోటు లేదు. కాకపోతే అన్నిటినీ పులిహోర ట్రే మీదుగా చూసింది. నలుగురు తెలుగువాళ్ళు కలిసి కారెక్కితే చాలు, పులిహోర సుధ వంతు. నయాగరా దగ్గర జనమంతా జలపాతం కేసి తిరిగి నిలబడితే, ఆవిడ ఒక్కతీ జనం కేసి తిరిగి నిలబడి ప్లేట్లు పంచింది. గ్రాండ్ కాన్యన్ ఎంత లోతుంటుందో ఆవిడకి ఇప్పటికీ తెలియదు. పోపులో జీడిపప్పు చాల్లేదని ఎవరన్నారో మాత్రం బాగా తెలుసు.

"ఈ ఒక్క ట్రిప్ నేను పులిహోర కలపకుండా వెళ్ళాలండీ," అంది సుధ, మ్యాపు మడతపెడుతూ. "ఎవరికీ చెప్పకండి. మీ నోరు సంగతి నాకు తెలుసు."

తిరుపతయ్య నోరు చెడ్డది కాదు, మర్యాద ఎక్కువ. ఎవరితో ఏం మాట్లాడినా చివర "మీరూ రండి" అని దానంతటదే అనేస్తుంది. ఒకసారి స్పీడు ఎక్కువైందని పోలీసాయన కారాపి టికెట్ రాస్తుంటే, ఊరికే నిలబడటం బాగుండదని ఆయన్ని గృహప్రవేశానికి పిలిచాడు. ఆయన పెళ్ళాం పిల్లలతో వచ్చి, సైరన్ కారు ఇంటి ముందు పెట్టి, బూరెలు రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఆ వీధిలో వాళ్ళు తిరుపతయ్యని అరెస్టు చేశారనుకుని వారం రోజులు పలకరించలేదు.

"ప్రామిస్," అన్నాడు తిరుపతయ్య.

ఆ ప్రామిస్ ఆదివారం మధ్యాహ్నం దాకా నిలబడింది. రాజారావుగారింట్లో సత్యనారాయణ వ్రతం, ఆపైన భోజనాలు. రాజారావుగారు ముప్ఫై ఏళ్ళ కిందట అమెరికా వచ్చిన మనిషి. ఏ కమిటీ వేసినా ప్రెసిడెంట్ ఆయనే, కమిటీ లేకపోతే వేసేదీ ఆయనే. సుధ వంటింట్లో ఉండగా ఆయన విస్తరి ముందు కూర్చుని, థాంక్స్‌గివింగ్‌కి అందరం కలిసి విస్కాన్సిన్‌లో అడవిలో క్యాబిన్ అద్దెకి తీసుకుందామని, పులిహోర సుధకి అప్పచెప్పేద్దామని ప్రకటించారు.

భార్యని కాపాడాలన్న ఒక్క సదుద్దేశంతో తిరుపతయ్య నోరు తెరిచాడు. "మేం ఉండట్లేదండీ. క్యోటో వెళ్తున్నాం," అన్నాడు. అక్కడితో ఆగాల్సింది. కానీ మాట అలా మొండిగా ఆగిపోవడం ఆయనకే ఎబ్బెట్టుగా తోచి, "మీరూ రాకూడదూ?" అని చేర్చాడు.

ఈ ప్రశ్నకి మనవాళ్ళలో జవాబు ఒకటే ఉంది. "ఈసారికి మీరు వెళ్ళిరండి, చూద్దాం." పిలిచినవాడు పిలిచానని సంతోషిస్తాడు, పిలిపించుకున్నవాడు పిలిచారని సంతోషిస్తాడు, ఎవరిళ్ళకి వాళ్ళు పోతారు. కానీ రాజారావుగారు ముప్ఫై ఏళ్ళు అమెరికాలో ఉన్నారు. అక్కడ అడిగినదానికి జవాబు చెప్పడం అలవాటైపోయింది.

"వస్తాం," అన్నారాయన, పెరుగు వెయ్యమని సైగ చేస్తూ.

తిరుపతయ్యకి గొంతులో గారె అడ్డం పడింది. దగ్గు ఆపుకునేలోపు రాజారావుగారు పక్క విస్తరాయనకి చెప్పారు. పక్కాయన ఆ పక్కాయనకి చెప్పాడు. సాంబారు గిన్నె ఎంత వేగంగా వెళ్తోందో కబురూ అంతే వేగంగా పంక్తి చివరికి చేరింది. వీళ్ళందరికీ అమెరికా పాస్‌పోర్టులున్నాయి, జపాన్‌కి వీసా అక్కర్లేదు. దేవుడు అడ్డుపడటానికి కూడా సందు లేదు.

ఇంటికొచ్చాక తిరుపతయ్య ఈ సంగతి ఎలా చెప్పాలా అని సోమవారం ఆలోచించాడు, మంగళవారం ఆలోచించాడు. బుధవారం ఆ శ్రమ తప్పింది. రాజారావుగారి భార్య పద్మజ సుధకి ఫోన్ చేసింది.

"ఊరికే అడుగుతున్నా సుధా, ముప్ఫై మందికి ఎంత పులిహోర పడుతుందే? క్యోటోలో చింతపండు దొరకదేమో, గుజ్జు ఇక్కణ్ణుంచే తీసుకెళ్దామా?"

సుధ చెవి దగ్గర ఫోన్ అలాగే పట్టుకుని, సోఫాలో కూర్చున్న మొగుడి కేసి చూసింది. ఆ చూపుకి తిరుపతయ్య చేతిలో రిమోట్ దానంతటదే టీవీ కట్టేసింది.

ఆ తర్వాత సంగతులు కొండమీద నుంచి దొర్లించిన పనసపండులా నడిచాయి. "క్యోటో కుటుంబం" అని వాట్సాప్ గ్రూపు వెలిసింది. ఫుడ్ కమిటీ, బస్సు కమిటీ, కల్చరల్ కమిటీ ఏర్పడ్డాయి. పద్మజ తమ్ముడు కోటయ్య న్యూజెర్సీ ఐసెలిన్‌లో చీరల కొట్టు నడుపుతాడు. అతను కుటుంబంతో సహా చేరి, అందరికీ ఒకే రంగు టీషర్టులు, ఆడవాళ్ళకి ఒకే అంచు చీరలు ఆర్డరిచ్చాడు. బస్సులో అంత్యాక్షరికి మనిషంత ఎత్తు స్పీకరు తెస్తానన్నాడు. రాజారావుగారు క్యోటోలో ఉన్న గుళ్ళన్నీ ఒక్క రోజులో లాగించేసే రూటు వేశారు. బస్సు దిగడం, దణ్ణం పెట్టడం, గ్రూప్ ఫోటో, బస్సెక్కడం. తోటల్లో కూర్చోవడానికి టైం ఎక్కడుందని ఎవరో అడిగితే, కూర్చోవడానికి బస్సుంది కదా అన్నారు.

సత్రం మాత్రం తిరుపతయ్య పేరు మీద బుక్కయింది కాబట్టి, సత్రం యజమానురాలితో ఉత్తరప్రత్యుత్తరాలు ఆయనకే పడ్డాయి. ఇద్దరు వస్తున్నారన్నప్పుడు ఆవిడ "సంతోషం" అని రాసింది. పది మంది అన్నప్పుడు "అపారమైన గౌరవం" అని రాసింది. జనం పెరిగేకొద్దీ ఆవిడ మర్యాదా పెరిగింది. ముప్ఫై మంది, ఒక స్పీకరు అన్న రోజున, ఇంతటి మహానుభావులకు సేవ చేసే యోగ్యత తమ పేద ఇంటికి ఉన్నదో లేదోనని సిగ్గుతో తలవంచుకుంటున్నామని రాసింది.

తిరుపతయ్య మర్యాదలో పుట్టి మర్యాదలో పెరిగినవాడు కాబట్టి, ఆ తల వంచడం అంటే తలుపు వెయ్యడమేనని ఇట్టే పట్టేశాడు. రాజారావుగారికి చూపిస్తే ఆయన కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు.

"పాపం, ఆవిడకి కాన్ఫిడెన్స్ తక్కువలా ఉందయ్యా. మనం ఎంకరేజ్ చేద్దాం," అన్నారు.

ఆ సాయంత్రం సుధ చేతులు కట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే తిరుపతయ్యకి కొంచెం ధైర్యంగా ఉండేది.

"పిలిచింది మీరు. ఆపేది కూడా మీరే. లేదంటే ఆ గుజ్జు డబ్బా పట్టుకుని మీరే విమానం ఎక్కండి," అంది.

నిజం చెప్పే మనిషయితే అప్పుడే రాజారావుగారికి ఫోన్ చేసి, మేమిద్దరమే వెళ్దామనుకున్నాం, క్షమించండి అనేవాడు. తిరుపతయ్య అలా అనడం కన్నా మిషిగన్ సరస్సు ఈదడం తేలికనుకుని, ఒక అబద్ధం తయారుచేశాడు. ఒసాకా పని క్యాన్సిలైంది, కాబట్టి మేం రావట్లేదు. పిలిచినవాడే రానంటే పెళ్ళివారు వాళ్ళంతట వాళ్ళే చెదిరిపోతారు. అందరూ మానుకున్నాక తామిద్దరూ చప్పుడు చెయ్యకుండా వెళ్ళి చప్పుడు చెయ్యకుండా వస్తారు. ఇదీ ఆయన లెక్క.

లెక్క సగం కుదిరింది. రాజారావుగారు ఇంకా గ్రూప్ టికెట్లు కొనలేదు, బేరంలోనే ఉన్నారు. ఒక్క మాటలో ట్రిప్ అంతా రద్దు చేశారు. "నువ్వు లేకుండా మేం ఎలా వెళ్తామయ్యా, మనుషులమేనా?" అన్నారు. తిరుపతయ్యకి సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

అసలు దెబ్బ ఆ వెనకే ఉంది. తిరుపతయ్య దంపతులు బెంగపడకూడదని కమిటీలన్నీ అత్యవసరంగా కూడాయి. థాంక్స్‌గివింగ్ మధ్యాహ్నం అందరూ వాళ్ళింటికే వచ్చి, వాళ్ళని ఒంటరిగా వదలకుండా సాయంత్రం దాకా ఉండాలని తీర్మానం చేశాయి. ఐసెలిన్ నుంచి కోటయ్య విమానంలో వస్తున్నాడు. టీషర్టులు ఎలాగూ అచ్చయిపోయాయి కాబట్టి వేసుకునే వస్తారు. పులిహోర మాత్రం సుధ చెయ్యాలి, మనసు కాస్త మళ్ళుతుంది.

మేం ఇంట్లో ఉండం అని చెప్పడానికి వీల్లేదు, ఎక్కడికి వెళ్తున్నారంటారు. రండి అనడానికి వీల్లేదు, ఆ వేళకి ఇద్దరూ జపాన్‌లో ఉంటారు. తిరుపతయ్య రెండు రోజులు అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టాడు.

ప్రయాణం ఇంకో వారం ఉందనగా సోమవారం మేనేజర్ పిలిచాడు. ఒసాకా వాళ్ళు మనసు మార్చుకున్నారట. మీటింగులన్నీ వీడియోలో పెట్టుకుందామన్నారట. కాబట్టి తిరుపతయ్య వెళ్ళనక్కర్లేదు, కంపెనీ టికెట్ రద్దు చేసేశారు. తాను కష్టపడి అల్లిన అబద్ధం తన ప్రమేయం లేకుండా నిజమైపోయేసరికి, తిరుపతయ్యకి ఏడవాలో దేవుడికి కొబ్బరికాయ కొట్టాలో తెలియలేదు. ఇంటికొచ్చి షూ విప్పకుండానే సుధకి చెప్పాడు. జనం రానే వస్తున్నారు, మనం ఉండనే ఉంటాం, అంతా మన మంచికే, మన ట్రిప్ కూడా క్యాన్సిల్ చేసేద్దాం అన్నాడు.

సుధ బట్టలు మడతపెడుతోంది. ఒక చీర మడత పూర్తి చేసి, దాన్ని బీరువాలో కాకుండా సూట్‌కేసులో పెట్టింది.

"మన ట్రిప్ ఏంటండీ? క్యాన్సిలైంది మీది. నాది నేను కొనుక్కున్నా."

"ఒక్కదానివే వెళ్తావా?"

"ఇన్నాళ్ళూ ముప్ఫై మందితో వెళ్ళా కదా. సగటు సరిపోతుంది."

"మరి పులిహోర?"

"చింతపండు పైన అరలో ఉంది," అంది సుధ. జిప్ లాగేసింది.

తర్వాతి వారం మంగళవారం ఓహేర్ ఎయిర్‌పోర్టులో దింపుతూ కూడా తిరుపతయ్య ఇదంతా బెదిరింపేననుకున్నాడు. సెక్యూరిటీ దాటాక ఆవిడ వెనక్కి తిరిగి చెయ్యి ఊపినప్పుడు ఆ మొహంలో ఉన్నది చూసి మాత్రం నమ్మాడు. పెళ్ళి ఫోటోల్లో కూడా ఆవిడ అలా నవ్వలేదు.

గురువారం పొద్దున్నుంచీ ఆయన ఒక్కడే వంటింట్లో యుద్ధం చేశాడు. మొదటి దఫా అన్నం గంజి అయింది. రెండో దఫా అన్నం రాళ్ళయింది. రెండూ కలిపితే సరిపోతుందని కలిపాడు. పోపు మాడి స్మోక్ అలారం మోగితే కిటికీలన్నీ తెరిచాడు. నేపర్‌విల్ నవంబర్ చలంతా లోపలికొచ్చి కూర్చుంది. మధ్యాహ్నం మూడింటికి ఒకే రంగు టీషర్టుల్లో జనం దిగారు. కోటయ్య స్పీకరు గుమ్మంలో పట్టక గరాజ్ గుండా వచ్చింది.

అందరికీ ప్లేట్లు చేతికొచ్చాక పద్మజకి అనుమానం వచ్చింది. సుధ ఎక్కడ, కనపడదేం అని అడిగింది. తిరుపతయ్య దగ్గర అబద్ధాలు అయిపోయాయి.

"క్యోటోలో ఉందండీ," అన్నాడు.

రాజారావుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. పాపం బాధని జోకు చేసుకుంటున్నాడయ్యా అని అందరికీ చెప్పారు. అంతలో ఫోన్ మోగింది. వీడియో కాల్. పద్మజే ముందు అందుకుంది.

తెరమీద సుధ ఉంది. అక్కడ శుక్రవారం పొద్దున. వెనకాల ఓ తోట, నీళ్ళ మీద ఎర్రటి ఆకులు, కనుచూపు మేరలో ఇంకో మనిషి లేడు. చప్పుడు లేదు. ఫోన్ చేతులు మారి గది చుట్టూ తిరిగింది. టీషర్టులన్నీ దాని చుట్టూ మూగాయి. కోటయ్య తనంతట తానే స్పీకరు కట్టేశాడు. రాజారావుగారు తిరుపతయ్య కేసి చూశారు, ఫోన్ కేసి చూశారు, చేతిలో పులిహోర కేసి చూశారు. జరిగినదంతా ఆ మూడు చూపుల్లో ఆయనకి అర్థమైనట్టే ఉంది. ఇంకో ముద్ద కష్టపడి మింగారు.

ఫోన్ తిరిగి తిరిగి పద్మజ దగ్గరికే వచ్చింది. ఆవిడ గొంతు తగ్గించింది.

"అంత దూరంలో ఒక్కదానివే ఉన్నావు. భయం వెయ్యట్లేదుటే?"

సుధ కాసేపు చెట్ల కేసి చూసింది.

"వేస్తోందక్కా. ఇదే అలవాటైపోతుందేమోనని."

ఆ మాటకి ఆడవాళ్ళందరూ ప్లేట్లు కింద పెట్టి ఫోన్ చుట్టూ చేరారు. మగవాళ్ళు మాత్రం ఎవరూ చెప్పకుండానే లేచి గిన్నెలు తోమడం మొదలుపెట్టారు.