ఆరు వందల పన్నెండు పేజీలకు ఒక చీటీ

మా గ్రంథాలయంలో ఏ పుస్తకమైనా బీరువా ఎక్కాలంటే ముందు దాని లోపలి అట్టకు ఒక చీటీ అతికించాలి. ఆ చీటీ మీద కథంతా ఒక్క వాక్యంలో ఉండాలి. ఆ వాక్యం రాసే ఉద్యోగం నాది. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేనే కాబట్టి శ్రద్ధగా రాస్తాను. ఆరు నెలల ప్రొబేషన్‌లో మూడు వందల నలభై చీటీలు రాశాను. నెలాఖరులోగా మిగిలిన ఒక్కటీ రాస్తే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఇంటికి.

ఆ ఒక్కటి 'పద్నాలుగో గొడుగు' అనే గూఢచారి నవల. గూఢచారులు పద్నాలుగు మంది. ప్రతివాడూ రెండు దేశాలకు పనిచేస్తాడు, ఓపికున్నవాడు మూడింటికి. తొంభయ్యో పేజీలో చచ్చిపోయిన కథానాయకుడు రెండు వందల పదో పేజీలో శత్రువు పేరుతో కాఫీ తాగుతాడు. ఆ శత్రువు అప్పటికే కథానాయకుడి పేరుతో పెళ్లి చేసుకుని ఉంటాడు. రహస్య పత్రం దాచిన గొడుగు పదకొండు చేతులు మారుతుంది. ఒక్కసారి కూడా వాన పడదు. చివరి పేజీలో పెద్ద అధికారి, "ద్రోహి ఎవరో మనకు తెలిసిపోయింది" అంటాడు. మనకు అంటే వాళ్లకు. నాకు కాదు.

మూడుసార్లు చదివాను. ఎవడు ఎవడి మనిషో తేల్చుకోవడానికి పాత క్యాలెండర్ వెనక గీతలు గీశాను. అమ్మ చూసి, "ఇది కథా, చిక్కుపడ్డ దారం ఉండా?" అంది.

నాన్న తాళాలు బాగుచేస్తాడు. మావాడు పుస్తకం ముట్టుకుంటే చాలు, కథ చెప్పేస్తాడని వీధంతా చాటిన మనిషి. ఓ సాయంత్రం పక్కన కూర్చున్నాడు.

"ఇంతకీ దొంగెవడ్రా?"

"తెలీలేదు నాన్నా. చాలా లోతైన పుస్తకమట."

"ఏ చెవికీ తెరుచుకోని తాళాన్ని గొప్ప తాళం అనర్రా. పాడైందంటారు."

నాన్నకు చదువు లేదు కాబట్టి ఆ మాట పట్టించుకోలేదు.

మర్నాడు మా గ్రంథాలయం అధ్యక్షులవారిని ఆశ్రయించాను. ఆవిష్కరణ సభలో ఆ నవలను గంటన్నర పొగిడిన పెద్దమనిషి ఆయనే.

"అయ్యా, ద్రోహి ఎవరండీ?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చూడు బాబూ, ద్రోహి ఎవరన్నది ప్రశ్న కాదు. ద్రోహమంటే ఏమిటన్నదే ప్రశ్న" అని సెలవిచ్చి టీ తెప్పించుకున్నారు. ఒక్కటే తెప్పించుకున్నారు.

లైబ్రేరియన్ మేడమ్, "నాకు తెలుసు. చెప్పేస్తే నీకు చదివే సరదా పోతుందయ్యా" అన్నారు. మూడుసార్లు చదివానని మనవి చేశాను. "అసలు సరదా నాలుగోసారి మొదలవుతుంది" అన్నారు.

ఇలాంటి ప్రశ్నలు సంస్థ క్రమశిక్షణకు భంగకరమని అధ్యక్షులవారికి తోచి ముగ్గురు సభ్యులతో సంఘం వేశారు. సంఘం రెండుసార్లు సమావేశమై, బిస్కెట్లు స్వీకరించి, నివేదిక సమర్పించింది. నవలలో ద్రోహి ఎవరన్నది పాఠకుల స్థాయిని బట్టి మారుతుందనీ, గ్రంథాలయంలో ద్రోహి ఎవరన్నది మాత్రం ఏకగ్రీవంగా తేలిందనీ అందులో ఉంది.

అయినా పెద్దమనసు చేసుకుని ఒక అవకాశం ఇచ్చారు. అధ్యక్షులవారు చెబుతుంటే నా చేత్తోనే చీటీ రాశాను: "మేధావులకు ఇట్టే అర్థమయ్యే మహత్తర నవల." కింద సంతకం పెట్టాను. ఉద్యోగం ఖాయమైంది.

నాన్న ఆ ఉద్యోగపు కాగితానికి అద్దం కట్టించి, మేకు కొడుతూ అడిగాడు. "అయితే దొంగెవడో తెలిసినట్టేగా?"

"తెలిసింది నాన్నా" అన్నాను.

నాన్న మేకు వంకర పోయిందని తీసి మళ్లీ కొట్టాడు.

చీటీ అతికించిన నాటి నుంచి ఆ నవల కోసం నలభై మంది వరసలో ఉన్నారు. తీసుకెళ్లిన ప్రతివారూ బ్రహ్మాండమంటూ తెచ్చిస్తున్నారు. ప్రతిసారీ ముప్పై ఏడో పేజీ మూల మడిచి ఉంటుంది. ఆ తర్వాతి పేజీల మీద నా వేలిముద్రలు తప్ప మరకైనా లేదు. ఆ మడత సరిచేయడం ఇప్పుడు నా విధుల్లో ఒకటి.

మీరూ ఈపాటికి చదివే ఉంటారు. ఎలా ఉందని నేనడగను. అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు. నిజం చెబితే ఏమవుతుందో మీకు తెలుసు.