ఒట్టు మీద గూడ్సు బండి

సోమవారం ఉదయం హేమచంద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య మృదుల హాస్పిటల్ డ్యూటీకి వెళ్ళగానే, ఆన్‌లైన్లో కొన్న పాత బొమ్మరైలు వ్యాగన్లను పెయింట్ ఊడదీసే మందులో నానబెట్టాలి. ఆవిడ వచ్చేలోగా తుడిచి, బాక్స్‌రూమ్ అనే చిన్నగది అలమారాలో పెట్టి తలుపు మూసెయ్యాలి. ఇంకొక్క వ్యాగన్ కూడా కొననని లాక్‌డౌన్ మొదట్లోనే ఆవిడ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు మరి.

లెపర్డ్స్‌టౌన్‌లో ఉన్న ఆఫీసు మూతపడి, నేస్ అనే ఊళ్ళోని ఇంటికి బందీ అయ్యాక మనిషికి కాలు నిలవడం లేదు. మీటింగ్ నడుస్తుండగానే మెట్లెక్కుతాడు, దిగుతాడు. పాత వ్యాగన్ల తుప్పు గీకుతున్నంతసేపే కుదురుగా కూర్చుంటాడు. అందుకే ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాడు.

మృదుల ఆ రోజు తొందరగా వచ్చేసింది. వ్యాగన్లు అప్పుడే అలమారాలోకి చేరాయి గానీ, మందు వాసన ఇంకా పోలేదు. గుమ్మంలోనే ముక్కు మూసుకుంది.

"ఏంటీ ఘాటు?"

"ఘాటా? నాకేం రావట్లేదే," అన్నాడు హేమచంద్. అక్కడితో ఊరుకుంటే బతికిపోయేవాడు. "అస్సలు ఏ వాసనా రావట్లేదు," అని నొక్కి మరీ చెప్పాడు.

ఆవిడ డాక్టరు, వాసన పోయిందంటే కోవిడే అనుకుంది. చటుక్కున రెండడుగులు వెనక్కి వేసింది.

"అస్సలా? ముందు బాక్స్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకో!"

గంటలో ఫ్యామిలీ డాక్టరుకు ఫోను వెళ్ళింది. మర్నాడు టెస్టు. దూరాన క్లోనీ ఊళ్ళో ఉండే, తెలిసిన సరోజిని ఆంటీ సంగతి విని కషాయం కాచి బయల్దేరితే, లాక్‌డౌన్‌లో ఇంత దూరం రాకూడదని పోలీసులు దారిలో ఆపారు. ఆవిడ ఏడుపు చూడలేక ఫ్లాస్కు వాళ్ళే తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళారు. పోలీసు బండి చూసి వీధి వీధంతా కిటికీల్లోకి వచ్చింది. ఎదురింటి ముసలాయన "యూ విల్ బీ గ్రాండ్!" అని, నీకేం కాదన్నట్టు ధైర్యం చెబుతూ కేకేశాడు. హేమచంద్ చెయ్యూపి, కషాయం తాగి, సిగ్గుతో చచ్చిపోయాడు.

గురువారం టెస్టు నెగటివ్ అని వచ్చింది. హేమచంద్ గదిలోనే గంతేశాడు.

"వాసన కూడా వచ్చేసింది!" అన్నాడు తలుపు వెనకనుంచి.

బయటినుంచి మృదుల అంది, "పోయి వచ్చిందంటే కోవిడ్ కాక ఇంకేంటి? టెస్టు తప్పయ్యుంటుంది. నేను క్లోజ్ కాంటాక్ట్‌ని. శనివారం ఎగ్జామ్‌కి రాలేనని మెయిల్ పెట్టేస్తున్నా."

ఆ పరీక్ష పాసైతేనే ఆవిడకు పై ఉద్యోగం. నైట్ డ్యూటీల మధ్య నిద్ర మానుకుని చదివింది. ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. హేమచంద్ తలుపుకు అతుక్కుపోయి అరిచాడు.

"మెయిల్ పెట్టకు! నాకు వాసన పోనేలేదు. అది పెయింట్ మందు ఘాటు. మళ్ళీ వ్యాగన్లు కొన్నాను, మృదులా!"

 బయటినుంచి వెక్కిళ్ళు వినపడ్డాయి.

"నా ఎగ్జామ్ కోసం ఇంత అబద్ధం ఆడతావా? నా మీద ఒట్టేసినవాడివి, నువ్వు కొంటావా? నీ సంగతి నాకు తెలీదా?"

ఇంత నమ్మకం ఏ మొగుడికీ ఎదురు కాకూడదు. హేమచంద్ అలమారా తెరిచాడు. తలుపు కాస్త తీసి, వ్యాగన్లను ఒక్కొక్కటే బయటికి దొర్లించాడు. బొగ్గు వ్యాగన్ వెళ్ళేసరికి వెక్కిళ్ళు తగ్గాయి. పాల ట్యాంకరుకు ఆగిపోయాయి. పశువుల పెట్టె ఇంకా దొర్లుతుండగానే తలుపుకు బయటినుంచి తాళం పడింది.

శనివారం మృదుల పరీక్షకు వెళ్ళింది, బాగా చేసింది కూడా. ఐసొలేషన్ ఎన్నాళ్ళుండాలో ప్రభుత్వం చెప్పింది గానీ, మృదుల ఇంకా చెప్పలేదు.