నార్వే మీదుగా మా ఊరి గ్రౌండుకు

మనిషి ముందుకు పోవాలంటే కదలకుండా ఉండాలి.

ఇది అనుభవం మీద చెబుతున్న మాట. ఈ ఏడాది మూడు నెలల్లో నేను నార్వే దేశంలో వెయ్యీ నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాను. మా హాలు దాటలేదు.

నడక, రోడ్డు, ఊరు. ఈ మూడూ ఆరోగ్యానికి హానికరం. ఆరోగ్యం కావాలనుకునేవాడు తలుపేసుకుని, కదలని సైకిలెక్కి, టీవీలో పరాయి దేశం చూస్తూ తొక్కాలి. ఈ కాలంలో మనిషికి దక్కిన వరాల్లో దీనికి మించింది లేదు! నమ్మరా? లెక్కలతో సహా చెబుతాను.

ఫిబ్రవరిలో నాకు పరగడుపున షుగరు రెండు వందల అరవై ఎనిమిది ఉంది. డాక్టర్ హారిక కాగితం చూసి, నన్ను చూసి, మళ్లీ కాగితం చూసింది.

"అంకుల్, రోజూ నలభై నిమిషాలు నడవండి. మూడు నెలలు చూస్తాను. తగ్గకపోతే ఇన్సులిన్ మొదలుపెట్టాల్సిందే" అంది.

మా నాయనకు ఇదే జబ్బు. ఎడమ కాలి బొటనవేలు తీసేశారు. ఆ తర్వాత పదకొండేళ్లు బతికారు కానీ ఎడమ చెప్పు కాలికి నిలిచేది కాదు. కుడి కాలికే తొడుక్కుని తిరిగేవారు. అందువల్ల నేను మరుసటి రోజే నడవడానికి బయలుదేరాను.

మాది మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే దారిలో ఒక ఊరు. పేరు రాయను. రాస్తే ఖండన వస్తుంది. మొదటి రోజు నలభై నిమిషాల్లో నాకు ఎదురైన టిప్పర్లు పంతొమ్మిది. కుక్కలు ఆరు. "షుగరా?" అని ఆపి అడిగినవాళ్లు పదమూడు మంది. వాళ్లలో పదకొండు మంది మందు చెప్పారు. కాకరకాయ పచ్చిదే తినాలని ఒకరు, పచ్చిది తింటే ప్రమాదమని ఇంకొకరు.

ఫుట్‌పాత్ లేదా అంటారా? ఉంది. దాని మీద ఫ్లెక్సీలు, రెండు టిఫిన్ బండ్లు, ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నాయి. నడిచేవాడికి మిగిలింది జానెడు. నేను జానెడు కంటే వెడల్పు.

గ్రౌండ్ లేదా అంటారా? అదీ ఉంది. గేటుకు తాళం ఉంది. తాళం పక్కన "వాకింగ్ ట్రాక్ పనులు జరుగుచున్నవి, లోనికి ప్రవేశము లేదు" అనే బోర్డు ఉంది. బోర్డు పెట్టి మూడేళ్ల ఐదు నెలలైంది. లోపల ఏ పనులు జరుగుతున్నాయని కాపలాదారు గోవిందయ్యను అడిగాను.

"బోర్డు పెట్టడం అయిపోయినాది సారూ" అన్నాడు.

అప్పుడు మా అమ్మాయి యశస్విని ఒంగోలు నుంచి ఎక్సర్‌సైజ్ సైకిల్ పంపింది. గోడకు ఎదురుగా పెట్టుకుని తొక్కాను. గోడ మీద క్యాలెండర్ ఉంది. ఆరు నిమిషాల్లో ఆ నెల పండుగలన్నీ అయిపోయాయి. దిగిపోయాను. సంగతి విని అమ్మాయి ఫోన్‌లో నవ్వింది.

"అట్ల గోడను చూస్తా ఎవరు తొక్కుతారు నాయనా? టీవీలో సీనరీ వీడియోలు పెట్టుకో. ఎవరో సైకిల్‌కు కెమెరా కట్టుకుని పోతా తీసుంటారు. వాళ్లు పోతాంటే నువ్వు పోయినట్టే ఉంటాది."

నార్వే అట్లా మా ఇంటికి వచ్చింది.

కొండల మధ్యకు సముద్రం వచ్చి నిలబడిన చోటు అది. పక్కన రోడ్డు. రోడ్డు మీద గుంత లేదు. మూడు నెలల్లో నాకు ఒకే ఒక్క కుక్క ఎదురైంది. దాని మెడకు పట్టీ ఉంది, పట్టీ రెండో చివర మనిషి ఉన్నాడు! పదమూడు మంది కాదు కదా, ఒక్కరు కూడా నన్నాపి షుగరెంత అని అడగలేదు. ఇంతకంటే నాగరికత ఏముంటుంది?

ఖర్చు కూడా తగ్గింది. మే నెలలో నార్వే కొండల మీద మంచు వచ్చింది. నా భార్య రాజ్యలక్ష్మి ఫ్యాను కట్టేసింది. "మంచులో పోతా ఫ్యాను ఏందండీ, జలుబు చేస్తాది" అంది. బయట దొనకొండలో నలభై నాలుగు డిగ్రీలని ఆ పొద్దున పేపర్లో వేశారు. నేను చెమటతో తడిసిపోయాను. చెమట పడితే మంచిదని డాక్టరే చెప్పింది కదా!

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఊరు దాటే మనిషిని ఉత్త చేతులతో పంపరు. నంద్యాల పోయినా పులిహోర కట్టిస్తారు. నార్వే నంద్యాల కంటే దూరం. అందువల్ల రాజ్యలక్ష్మి రోజూ స్టీలు డబ్బాలో పులిహోర పెట్టి సైకిల్ హ్యాండిల్‌కు తగిలించేది. సముద్రం కనిపించిన చోట ఆగి తినేవాణ్ణి. సముద్రం తరచుగా కనిపించేది.

ఒక శుక్రవారం ఆమె నన్ను సైకిల్ ఎక్కనివ్వలేదు.

"శుక్రవారం పూట పడమరకు పోతారా? వారశూల!"

మా టీవీ పడమటి గోడకు ఉంది. సైకిల్ అటే చూస్తుంది. శుక్రవారం, ఆదివారం పడమటి ప్రయాణం పనికిరాదు. అది నాకూ తెలుసు.

"నేను ఇంట్లోనే ఉన్నాను గదా" అన్నాను.

"ఇంట్లోనే ఉంటే రోజూ పులిహోర ఎందుకు కట్టించుకుంటాండారు? డబ్బా చేతికి వచ్చేటప్పుడు ప్రయాణం, శూల అంటే ఇల్లా?"

ఈ ప్రశ్నకు జవాబు మీ దగ్గర ఉందా?

ఇద్దరం కలిసి సైకిల్‌ను తూర్పుకు తిప్పాం. టీవీ గోడకు బిగించింది, తిరగదు. ఆమె లోపలికి పోయి బీరువా పక్కన ఉండే నిలువుటద్దం తెచ్చి నా ఎదురుగా ఆనించింది. అద్దంలో నార్వే కనిపించింది. ఆ విధంగా శుక్ర, ఆదివారాలు నేను నార్వేకు వీపు పెట్టి, తూర్పుకు తొక్కుతూ, పడమర దేశంలో ముందుకు పోయాను. శూల తగలలేదు.

దీనివల్ల ఒక సౌకర్యం కూడా కలిగింది. నార్వేలో బండ్లన్నీ రోడ్డుకు కుడివైపు పోతాయి. అద్దంలో ఎడమవైపు పోతాయి, మన దగ్గర లాగా!

ఈ సంగతి తెలిశాక మల్లికార్జునరావు మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. ఆయనది బట్టల దుకాణం. ఏ చుట్టరికమూ లేకుండా ముప్పై ఏళ్లుగా నన్ను బావా అంటాడు. అంతకుముందు ఒకసారి వచ్చి సైకిలెక్కి, ఎదురుగా లారీ రాగానే "బావా, రాంగ్ రూట్లో పంపిస్తాండావే నన్ను!" అని దిగిపోయినవాడు. ఇప్పుడు శుక్ర, ఆదివారాలు వచ్చి నలభై నిమిషాలు తొక్కుతున్నాడు. మంకీ క్యాప్ కూడా తెచ్చుకుంటాడు. మంచు కదా!

ఆయన దృష్టి సముద్రం మీద ఉండదు.

"ఆపు బావా, ఆపు. పదిగంటలైనాది, ఆ దుకాణం ఇంకా తెరవలే. ఏం యాపారం చేస్తారయ్యా వీళ్లు? మన బజారులో పదింటికి సగం బేరాలు అయిపోయి ఉంటాయి."

మూడు నెలలు నిండాయి. పరీక్ష చేయించుకున్నాను. పరగడుపున రెండు వందల డెబ్బై నాలుగు.

"మీరు వ్యాయామం చేశారా అంకుల్?" అని హారిక అడిగింది.

"సైకిల్ మీద వెయ్యీ నాలుగు వందల కిలోమీటర్లు."

"సైకిల్ మీటరు ఎంత చూపిస్తోంది?"

నూట పన్నెండు. నేను తొక్కడం మానేసినా వీడియో ఆగదు. నా కాళ్లు ఆగి ఉన్నప్పుడు కూడా నార్వే కదులుతూనే ఉంది. ఆ తేడా నేను గమనించలేదు. సముద్రం బాగుంది మరి.

"మధ్యలో ఏమైనా తిన్నారా?"

"పులిహోర."

"ఎక్కడ?"

"నార్వేలో."

ఆమె పెన్ను కింద పెట్టింది. నా అరికాలి మీద సూదిమొనతో నాలుగు చోట్ల తాకి, తగులుతోందా అని అడిగింది. మూడు చోట్ల తగిలింది. "ఇంకొక్క నెల ఇస్తాను. సైకిల్ వద్దు. నేల మీద నడవండి. ఈసారి తగ్గకపోతే నేనేమీ వినను" అంది.

ఇంటికి వచ్చి ఎడమ చెప్పు చాలాసేపు చూశాను. తర్వాత గ్రౌండ్ తెరవమని అడగడానికి సంబంధిత కార్యాలయానికి పోయాను. ఏ కార్యాలయమో అడగవద్దు.

అక్కడి ఇంజనీరు మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు.

"ట్రాక్ చూస్తారా సారూ?"

చూస్తానని లేచి బయటికి నడవబోయాను. ఆయన కంప్యూటరు నా వైపు తిప్పాడు.

మూడు నిమిషాల పన్నెండు సెకన్ల వీడియో. మా గ్రౌండే. మధ్యలో మా మంచినీళ్ల ట్యాంకు ఉంది. చుట్టూ ఎర్ర ట్రాక్, పక్కన గడ్డి, వరసగా లైట్లు, బెంచీలు. నలుగురు మనుషులు నడుస్తున్నారు. వెనక వీణ వాయిస్తున్నారు. మా ఊరు నార్వే అయిపోయింది!

అడగ్గానే పెన్ డ్రైవ్‌లో వేసిచ్చాడు. డాక్టరు నడవమంది, సైకిల్ వద్దంది. కానీ గేటు తెరిచేదాకా ఏదో ఒకటి చేయాలి కదా? ఆ వీడియో టీవీలో పెట్టి తొక్కాను. పన్నెండున్నర సార్లు తిరిగితే నలభై నిమిషాలు.

మల్లికార్జునరావు కూడా చూశాడు.

"వీళ్లు మన ఊరోళ్లు కాదు బావా."

"ఎట్ల చెబుతావు?"

"ఇంతసేపు తిరుగుతాండారు, ఒకరినొకరు పలకరియ్యలే. ఆ నిక్కరాయనను చూడు, బెంచీలోంచి నడిచిపోతాండాడు. మనోడైతే కూర్చోడా?"

నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నేను ఉత్తరం రాస్తాను. ఆ కార్యాలయానికి ఇట్లా రాశాను: "అయ్యా, తమరు నిర్మించిన వాకింగ్ ట్రాక్‌ను నేను రోజూ నలభై నిమిషాలు వాడుకుంటున్నాను. దుమ్ము లేదు, కుక్కలు లేవు. లైట్లు పగలు కూడా వెలుగుతున్నాయి. ఇటువంటి ట్రాక్ జిల్లాలో మరొకటి లేదు." చదివి సిగ్గుపడతారనుకున్నాను.

తొమ్మిదో రోజు జవాబు వచ్చింది.

"తమరి లేఖ అందినది. సదరు ట్రాక్ ప్రజల వినియోగంలో ఉన్నట్లు తమరిచే ధ్రువీకరించబడినందున, పని పూర్తయినట్లు పరిగణించి ఫైలు ముగించడమైనది."

పరుగున పోయాను. ఆ నెలలో అప్పటిదాకా నేను నేల మీద చేసిన వ్యాయామం అదే.

"అది వెటకారం అండీ!" అన్నాను.

"ఆ కాలమ్ మా ఫారంలో లేదు సారూ" అన్నాడు ఇంజనీరు. "మీరే బాగుందని రాసినారు. కింద సంతకం మీదే."

"సరే, పని పూర్తయింది కదా. గేటు తెరవండి."

"ప్రారంభోత్సవం కాకుండా ఎట్ల తెరుస్తాం? తేదీ రావాల. మీరు ప్రారంభోత్సవానికి ముందే వాడుకున్నారు. పెద్దవారని దాని మీద మేమేం రాయలే."

నెలలో పద్దెనిమిది రోజులు అయిపోయాయి. అరికాల్లో నాలుగో చోటు ఇంకా తగలడం లేదు.

ఆ సోమవారం ఉదయం ఆదెయ్య వచ్చాడు. ఏటా మా చేలో ఎరువు కోసం గొర్రెల మంద కట్టేది ఆయనే. సొంతూరు రాచర్ల పక్కన. ఈ ఎండాకాలం మేత లేక మందను మా ఊరికి తోలుకొచ్చాడు. చేలో మంద ఎప్పుడు కట్టమంటారో అడగడానికి వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు. టీవీలో ట్రాక్ తిరుగుతోంది.

"అన్నా, ఇది మన గ్రౌండే గదా? ట్యాంకీ మనదే."

"మనదే."

"మరి ఈ గడ్డి యాడిది?" లేచి టీవీ దగ్గరికి పోయి వంగి చూశాడు. "పొద్దున గూడా నా గొర్రెలు ఆణ్ణే ఉండె. మట్టి నాకుతాండాయి. ఇంత గడ్డి ఉంటే వాటికి కనపడదా?"

"నీ గొర్రెలు గ్రౌండులోనా? గేటుకు తాళం ఉంది గదా ఆదెయ్యా!"

"గొర్రెలు గేటు చూసి పోతాయా అన్నా? ఎనక గోడ పడి ఏడాదాయె."

సైకిల్ దిగి ఆయన వెంట పోయాను. నిజమే. వెనక గోడ పదకొండు అడుగుల మేర పడి ఉంది. లోపల ట్రాక్ లేదు, లైట్లు లేవు, నేల ఉంది. కాలు లోపల పెట్టానో లేదో గోవిందయ్య ఈల ఊదుకుంటూ వచ్చాడు.

"సారూ, బోర్డు చూడలేదా? మనుషులకు లేదు."

"మరి ఆదెయ్యో?"

"ఆయప్ప గొర్రెల మనిషి. బోర్డులో గొర్రెల సంగతి రాయలే."

ఆదెయ్య తన చేతికర్ర నాకిచ్చాడు.

"పట్టుకో అన్నా. కర్ర చేతిలో ఉంటే నిన్నెవరూ అడగరు. రెండు సార్లు అదిలించు, చాలు."

"హెయ్, హెయ్" అన్నాను. గొర్రెలు కదిలాయి. గోవిందయ్య నన్ను చూశాడు, కర్రను చూశాడు, పోయి నీడన కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి రోజూ నడిచాను. మందకు మేత లేదు కాబట్టి ఒక చోట నిలవదు. మంద నిలవకపోతే వెనక మనిషీ నిలవడు. నలభై నిమిషాలు అనుకుంటే గంటా పది నిమిషాలయ్యేది.

నెల నిండాక పరగడుపున నూట డెబ్బై ఒకటి. హారిక ఇన్సులిన్ రాయలేదు.

"గ్రౌండ్ తెరిచారా అంకుల్?"

"గొర్రెలకు తెరిచే ఉందమ్మా."

కాబట్టి నా సిద్ధాంతానికి స్వల్పంగా సవరణ చేస్తున్నాను. సీనరీ వీడియోలు వరమే, సందేహం లేదు. అయితే చూసేవాళ్లకంటే చూపించేవాళ్లకు ఎక్కువ వరం. ట్రాక్ చూపించడానికి మూడు నిమిషాల పన్నెండు సెకన్లు చాలు. వేయడానికి మూడేళ్ల ఐదు నెలలు చాలలేదు!

ఇది అచ్చయ్యాక సంబంధిత కార్యాలయం వెంటనే స్పందిస్తుందని నాకు తెలుసు. ట్రాక్ వేస్తారని కాదు. పడిన గోడ కడతారు. అది రెండు రోజుల పని. ఆ లోపు త్వరపడాలి.

మా ఊళ్లో హారిక దగ్గర చూపించుకునే షుగరు రోగులు నాలుగు వందల ముప్పై మంది. ఆదెయ్య మందలో గొర్రెలు అరవై రెండు. అందరికీ చాలవు. నడవదలచినవారు తలా ఒక గొర్రెను తోలుకుని రాగలరు.