కొవ్వూరు నుంచి వచ్చిన విదేశీ గోల్‌కీపర్

జూనియర్ హాకీ జట్లు విదేశీ క్రీడాకారులను ఇష్టం వచ్చినట్టు తెచ్చుకునే దుర్మార్గానికి రాజమండ్రిలో శాశ్వతంగా తెర పడింది. (అంతకుముందు ఎవరూ ఎవరినీ తెచ్చుకోలేదు. పుట్టకముందే అరికట్టడమే అసలైన సంస్కరణ అని గోదావరి జూనియర్ హాకీ సంఘం కన్వీనర్ భీమరాజు గారి అభిప్రాయం.) ఇకపై ప్రతి అమ్మాయిల జట్టులోనూ ఒక విదేశీ క్రీడాకారిణి ఉండి తీరాలి, ఒకరికి మించి ఉండకూడదు.

దరఖాస్తులు పిలిచారు. ఏ దేశం నుంచీ ఎవరూ పలకలేదు. నిబంధన మాత్రం వచ్చేసింది కాబట్టి దాన్నే మరోసారి జాగ్రత్తగా చదివారు. ఇంగ్లీషులో ఓవర్సీస్ అన్నదాన్ని తెలుగు ప్రతిలో ‘నీళ్ళు దాటి వచ్చినవారు’ అని రాసి ఉంది. రోజూ అవతలి ఒడ్డు కొవ్వూరు నుంచి గోదావరి బ్రిడ్జి మీదుగా ఆటోలో ప్రాక్టీసుకు వచ్చే గోల్‌కీపర్ వినీల మీద సంఘం దృష్టి పడింది.

కోచ్ రెబెక్కా టీచర్‌కి ఒళ్ళు మండిపోయింది. వినీలను ఆరో తరగతి నుంచి తనే తయారుచేసింది. ఈ ఏడాది రాష్ట్ర జట్టుకు ఎంపిక కాకపోతే ఆ పిల్లకి వయసు దాటిపోతుంది, మళ్ళీ అవకాశం లేదు. కొవ్వూరు కూడా మన జిల్లాయేనని భీమరాజు గారి దగ్గరికి వెళ్ళి మొత్తుకుంది.

“జిల్లా ఒకటేనండి, నేను కాదన్లేదు. మధ్యలో నీళ్ళున్నాయా లేవా, అది చెప్పండి,” అన్నారాయన.

ఉన్నాయి. ఆ ఏడు వరద కూడా బాగానే వచ్చింది.

విదేశీయురాలయ్యాక మర్యాదలు తప్పవు. ఇక్కడి నీళ్ళు పడవేమోనని వినీలకు కాచి చల్లార్చి ఇచ్చారు. (రెండు ఊళ్ళవాళ్ళూ తాగేది ఆ గోదావరే.) రోజూ దేశాలు దాటడం ఆరోగ్యానికి మంచిది కాదని రాజమండ్రిలోనే తాడితోటలో బస ఏర్పాటు చేశారు. దుబాసీగా సంఘంలోని చంద్రరావు గారు నియమితులయ్యారు. రెబెక్కా టీచర్ “ముందుకు రా” అంటే, ఆయన వినీల వైపు తిరిగి “ముందుకు రావాలంటమ్మా” అని అనువదించేవారు. వినీల తల్లి సువార్తమ్మ చేపల పులుసు పట్టుకొస్తే, విదేశీ ఆహారం లోపలికి అనుమతించబడదని గేటు దగ్గరే తీసుకున్నారు. (ఉపసంఘం దాన్ని పరిశీలించి, ఉప్పు సరిపోయిందని తేల్చింది.)

రెబెక్కా టీచర్ పళ్ళు బిగబట్టి అన్నీ భరించింది. ఏ పేరు పెడితేనేం, పిల్ల ఆడితే చాలు, సెలెక్టర్లు చూస్తే చాలు అనుకుంది. వినీల ఆడింది. ఫైనల్లో చివరి పెనాల్టీ స్ట్రోక్‌ని కాలి ప్యాడ్‌తో ఆపేసి కప్పు గెలిపించింది. ఈ టోర్నీలో ఇంతటి గోల్‌కీపర్ లేదని సెలెక్టర్లే మైకులో చెప్పారు. రెబెక్కా టీచర్ అందరి ముందూ ఏడ్చేసింది, సిగ్గుపడలేదు.

సాయంత్రం రాష్ట్ర జట్టుకు ఎంపికైనవారి పేర్లు పిలిచారు. వినీల పేరు పిలవలేదు. రాష్ట్ర జట్టులో విదేశీయులకు చోటు ఉండదట, ప్రపంచమంతటా అదే పద్ధతట. భీమరాజు గారు జాలిగుండె మనిషి. దగ్గరికొచ్చి వినీల తల నిమిరారు.

“బాధపడకమ్మా. నీకేం తక్కువ? మీ దేశం తరఫున ఆడుకోవచ్చు.”

“మాది ఏ దేశమండీ?” అని అడిగింది వినీల.

అది సంఘం పరిధిలోకి వచ్చే విషయం కాదని ఆయన ఎంతో మర్యాదగా చెప్పారు.