బేకరీకి వెళ్ళొచ్చిన తలుపు

ఆ ఆదివారం పొద్దున మునిరత్నం అనుకున్నది ఒక్కటే: బేకరీ పొయ్యిలోంచి పలకలు తెచ్చి, వానలు దిగేలోగా దేవుడి గదికి తలుపు బిగించాలి. పాత తలుపు ఏటా వానకు ఉబ్బి మొరాయించేది. అది తెరుచుకుంటే గానీ తల్లి గోవిందమ్మ దీపం పెట్టదు. దీపం వెలిగితే గానీ చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లోని ఆ ఇంట్లో ఎవరికీ కాఫీ లేదు.

పలకలు నీలగిరి టీ తోటల్లో నీడకోసం పెంచిన సిల్వర్ ఓక్‌వి. తొందరగా పెరిగిన చెక్క. నీళ్ళు కనిపిస్తే తాగకుండా ఉండలేదు. మంట తగలకుండా సన్నని వేడిలో మగ్గబెడితే ఆ దాహం చస్తుందని, తను పనిచేసే పెరంబూరు రైలుపెట్టెల కర్మాగారంలో విన్నాడు. అంత పెద్ద పొయ్యి బేకరీ ఆరోగ్యసామికి తప్ప ఎవరికుంది? శనివారం రొట్టెలు తీశాక పలకలు లోపల పేర్చి, పొయ్యి నోటికి మట్టి మెత్తారు.

"అన్నా, తెల్లగా పోయినాయి, తాటిబెల్లం మాదిరి వచ్చినాయే!" అన్నాడు ఆరోగ్యసామి, పలకలు బయటికి లాగుతూ.

చెక్క నల్లబడింది, తేలికపడింది, పెళుసెక్కింది కూడా. మొదటి మేకుకే ఒక మూల చిట్లింది. మునిరత్నం భయపడి, బెజ్జాలు తొలిచి మరలు బిగించాడు. సాయంత్రానికి తలుపు చిటికెనవేలితో తోసినా తిరిగింది.

పక్కింటి పుష్పవల్లి తొంగిచూసింది. "ఏందక్కా, రోజ్‌వుడ్డా?"

గోవిందమ్మకు కాదనడానికి మనసొప్పలేదు. "అవునే. మైసూరుది."

దాంతో వీధంతా వచ్చింది. చూసినవాళ్ళు తడిమారు, తడిమినవాళ్ళు వేళ్ళు వాసన చూసుకున్నారు.

"మైసూరు చెక్క బన్ను వాసన వస్తాదా అక్కా?" అంది పుష్పవల్లి.

గోవిందమ్మ కొడుకువైపు తిరిగింది. "ఒరే, నిజం చెప్పు. దీన్ని ఏడ కాల్చినావు?"

"ఆరోగ్యసామి పొయ్యిలోమా."

"గుడ్డు కేకులు పెట్టే పొయ్యిలోనా! నా సామికి కోడిగుడ్డు తలుపా! పెరికెయ్యి!"

"పెరికితే ముక్కలైపోతాదిమా. పాతది వానకు తెరుచుకోదు."

"సరి, శుద్ధి చేస్తా. పసుపు పట్టిందా, ఉంటాది. పట్టలేదా, ఆ పొయ్యిలోకే పోతాది."

బిందెడు పసుపునీళ్ళు తెచ్చి తలుపుమీద కుమ్మరించింది. నీళ్ళు పూసలు కట్టి, జారి, గడప దాటి పోయాయి. చెక్కకు ఒక్క పసుపు మరకైనా అంటలేదు. కాఫీ లేని వానాకాలం మొత్తం మునిరత్నం కళ్ళముందు తిరిగింది.

గోవిందమ్మ కొంగుతో తలుపు తుడిచింది. కొంగు చూసింది. మళ్ళీ తలుపు చూసింది.

"బిందెడు నీళ్ళే లోపలికి పోలా, ఇంక గుడ్డు ఎట్ట పోతాదే?" అని పుష్పవల్లిని గద్దించింది, తప్పంతా ఆమెదే అయినట్టు. తర్వాత లోపలికెళ్ళి దీపం వెలిగించింది.

ఆ వారమే వాన పట్టుకుంది. ఆ తలుపు మాత్రం ఉబ్బలేదు. ఇప్పుడా వీధిలో సగం ఇళ్ళకు తలుపుల్లేవు. ఆరోగ్యసామిని రొట్టె అడిగితే, పొయ్యిలోంచి తలుపులు దిగాక రమ్మంటున్నాడు.